మా చేనుకు నష్టపరిహారం రాని ఏడాది

పోయిన నెల్లో మా నాన్న కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేటలో మా ఇంటికొచ్చి పదిహేను రోజులున్నాడు. ఒక రైతును పదిహేను రోజులు ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, బాల్కనీలో నా పూలకుండీల పక్కన కుర్చీ వేయించుకుని, కనబడీ కనబడని కంటితోనే మట్టి పిసికి చూసి, "ఇదేం మట్టే, ఇటుకపొడి పోశావా ఇందులో" అని నా తోటకు వంకలు పెట్టేవాడు. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతుండగా ఆయన జేబులో ఫోను టింగుమంది. బయటికి తీసి చూడనైనా చూడకుండా "పడినట్టున్నాయి" అన్నాడు. పెట్టుబడి సాయమని ప్రభుత్వం రైతుల ఖాతాల్లో వేసే డబ్బులట. చూడకుండానే ఎట్లా తెలిసిందని అడిగితే, "ఈ మధ్య నన్ను తలుచుకుంటున్నది వాళ్ళొక్కళ్ళేగా" అన్నాడు.

"మరి చేను చూడ్డానికి ఎవరూ రారా నాన్నా?" అన్నాను. "చేనుతో వాళ్ళకేం పనే, ఆధార్ చూశారుగా" అని మళ్ళీ కుండీలో చెయ్యి పెట్టాడు. నాకు మాత్రం ఆ పూటంతా ఏ పనీ సాగలేదు. చేను చూడ్డానికి మనుషులు వచ్చే రోజులు నాకు బాగా తెలుసు. అట్లా వచ్చిన మనుషుల ముందు మా నాయనమ్మ చేసిన నిర్వాకం వల్ల నా చదువు అటకెక్కబోయింది. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి తప్పంతా ఆవిడ మీదకి నెట్టెయ్యడానికి వీల్లేదు. అయినా చాలా ఏళ్ళు అట్లాగే నెట్టాను.

మాది వినుకొండకీ దర్శికీ మధ్య, రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడవాల్సిన ఊరు. నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం కాలు పెడితే చెప్పు అక్కడే వదిలెయ్యాలి. ఇంట్లో మేం నలుగురం, నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను. నలుగురికీ కలిపి ఇల్లు పెద్దదే గానీ, మధ్యగదిలో పత్తి, వరండాలో పురుగుమందు కొట్టే స్ప్రేయరు, మంచాల కింద ఎరువుల బస్తాలు ఉండేవి. అవన్నీ హాయిగా ఉన్నాక మిగిలిన చోట మేం సర్దుకునేవాళ్ళం. పత్తి తీతలు మొదలైతే మా పడకలు కూడా పత్తి బోరాల మీదే. మెత్తగా ఉంటుందనుకుంటారు గానీ, లోపలి గింజ వీపుకి గుచ్చుకుంటుంది, పైగా ఏదో ఒక పురుగు చెవి వెతుక్కుంటూ వస్తుంది. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలుండేవి. మందు డబ్బాల వాసన, పత్తి వాసన, నాయనమ్మ నశ్యం వాసన. ఆ మూడోదాన్ని బట్టి ఆవిడ ఏ గదిలో ఉందో, ఎంతసేపటి కిందట బయటికి వెళ్ళిందో కూడా చెప్పగలిగేవాళ్ళం.

నాయనమ్మ పేరు కోటేశ్వరమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడు చేల అవతలికి వినబడేది. తాత తర్వాత ఎకరన్నర మిరపచేను ఆవిడ పేరు మీదకొచ్చింది. మిగతా పొలం నాన్నది, ఇది మాత్రం నాది అని రోజుకొకసారైనా గుర్తుచేసేది. పాసుపుస్తకంలో ఆవిడ ఫోటో ఉండేది, ఫోటో తీసేవాడు నవ్వమన్నాడని కోపంగా చూస్తున్న ఫోటో. చదువు రాదు, సంతకం రాదు, వేలిముద్రే. చదువు రాకపోయినా మాటల విషయంలో ఆవిడంత పట్టింపు మనిషిని నేను తర్వాత కాలేజీల్లో కూడా చూడలేదు. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఇక చేలో ఉన్న పైరును, అది ఎంత అధ్వానంగా ఉన్నా సరే, పోయింది అని నోటితో అనకూడదు. "పసిబిడ్డకు జ్వరమొస్తే పోతాడంటామా? పైరూ అంతే" అనేది. ఒకసారి అమ్మ పొరపాటున "వంగతోట పోయినట్టే అత్తయ్యా" అన్నదని, మూడు సాయంత్రాలు వరసగా ఆ తోటకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. వంగతోట ఏమైందో గుర్తు లేదు గానీ, అమ్మ ఆ మాట మళ్ళీ అనలేదు.

ఆ ఏడు నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ వాళ్ళ హాస్టల్లోనే ఉండేదాన్ని. మా ఊళ్ళో అప్పటికి ఆడపిల్లలు పదో తరగతి దాటడమే గొప్ప, అందుకని నేను సెలవులకొస్తే అరుగుల మీద వాళ్ళు నన్ను కొంచెం కలెక్టరును చూసినట్టు చూసేవాళ్ళు. నేనూ ఏం తక్కువ తినలేదు, చేతిలో ఎప్పుడూ భౌతికశాస్త్రం పుస్తకం పట్టుకునే తిరిగేదాన్ని. దసరా సెలవులకు పంపేటప్పుడు, రెండో విడత ఫీజు కట్టనివాళ్ళందరి చేతా కాలేజీ వాళ్ళు ఒక చీటీ పంపించారు. ఫీజుతో వస్తేనే తరగతిలోకి రానిస్తామని దాని సారాంశం. నాన్న చూసి, "మొదటి తీత పత్తి అమ్మగానే కట్టేద్దాంలే" అన్నాడు. సరిగ్గా అట్లతద్ది నాడు ముసురు పట్టింది. ఐదు రోజులు వదల్లేదు.

వాన వెలిశాక చూస్తే పత్తికాయలు చెట్టు మీదే నల్లబడి ఉన్నాయి. అమ్మ తడిపత్తిని మధ్యగదిలో మంచాల మీద పరిచి ఫ్యాన్లు వేసింది, కరెంటు ఉంటేగా. నాయనమ్మ మిరపచేలో నీళ్ళు నిలబడి, వేళ్ళు కుళ్ళి, మూడు మొక్కల్లో రెండు తలవాల్చేశాయి. నాన్న గట్టు మీద కూర్చుని తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ మొహం చూశాక ఫీజు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. సెలవులు అయిపోయాయి. నా స్నేహితురాళ్ళు తరగతుల్లో కూర్చుని ఉంటారు, నేను ఇంట్లో పత్తి తిరగేస్తున్నాను. దానికి తోడు మా మేనత్త ఒకావిడ వచ్చి, "ఎంతవరకు చదివితే అంతే లేరా, ఆడపిల్ల" అని నాన్నకు ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం వింటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చింది కబురు. వానకు పంట నష్టపోయిన రైతులకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందట. తలారి వీధుల్లో టముకు వేసి చెప్పాడు. పంట సగానికి పైన పోయి ఉండాలి, వ్యవసాయ శాఖ వాళ్ళూ రెవెన్యూ వాళ్ళూ వచ్చి కళ్ళారా చూసి రాసుకుంటారు, వాళ్ళు వచ్చేదాకా ఎవరూ చేను ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. నాన్న వెంటనే కాగితం మీద లెక్క చూశాడు. నాయనమ్మ ఎకరన్నరకు వచ్చేది నా ఫీజుకు సరిపోయి, బస్సు చార్జీలకు కూడా మిగిలేది. "రాంగానే నువ్వు గుంటూరు బస్సెక్కుతావు" అన్నాడు. ఆ రాత్రి నేను పెట్టె సర్దిపెట్టుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు ఉంచడం అనే పని మా ఊరివాళ్ళు అంతకు ముందు ఎప్పుడూ చెయ్యలేదు. దున్నమంటే దున్నుతారు, కొట్టమంటే కొడతారు, ఊరికే ఉండమంటే ఎట్లా ఉండాలో వాళ్ళకు తెలియదు. అధికారులు రేపొస్తారు, ఎల్లుండొస్తారు అంటూ వారం దాటింది. మగవాళ్ళంతా టీకొట్టు దగ్గర పేకముక్కలు పట్టుకుని కూర్చునేవాళ్ళు గానీ, ఆట మీద ధ్యాస ఉండేది కాదు. ఒకాయన చెయ్యి ఊరుకోక బడి ఆవరణలో గడ్డంతా పీకేశాడు, హెడ్మాస్టారు వచ్చి దణ్ణం పెట్టారు. మా చేను పక్క చేను అంజయ్య బాబాయిది. ఆయన ఒక్కడే నిశ్చింతగా ఉన్నాడు. నిజానికి ఆయన చేనుకు వాన రాకముందే నష్టం వచ్చింది, గడ్డిలో మిరప మొక్కను వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గడ్డీ కుళ్ళి, మిరపా కుళ్ళి, చూడ్డానికి దివ్యంగా ఉంది. "మనం చెయ్యాల్సిందేం లేదు అన్నయ్యా, దేవుడే అంతా చూసుకున్నాడు" అని నాన్నతో అనేవాడు.

నాన్న చేను వైపు వెళ్ళడం మానేశాడు. చూస్తే చెయ్యి ఊరుకోదని భయం. ఇంట్లో మాత్రం మాకందరికీ తర్ఫీదు ఇచ్చాడు. అధికారులు అడిగితే ఏం చెప్పాలో ఒక్కొక్కరి చేతా చెప్పించాడు. అమ్మ చెప్పింది, నేను చెప్పాను. నాయనమ్మ దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది.

"అమ్మా, అంతా పోయింది బాబూ అను."

"నేననను."

"అనకపోతే డబ్బులు రావే."

"నువ్వను. నీ నోరు నీది."

"చేను నీ పేరు మీదుంది. అడిగేది నిన్నే."

"అయితే దెబ్బతిన్నదంటాను. అంతవరకే" అని నశ్యం పట్టు పట్టి లేచిపోయింది.

ఆ తెల్లవారి ఇంకా వెలుగు రాకముందే ఎవరో నా కాలి బొటనవేలు పట్టి లాగారు. నశ్యం వాసన బట్టి ఎవరో తెలిసింది. "ఏమే పిల్లా, లే. చిన్న పనుంది" అన్నది నాయనమ్మ. దొడ్లో గడ్డివాము పక్క మెరక మీద ఆవిడ ప్రతి ఏడూ రెండు మళ్ళు మిరపనారు ఎక్కువ పోసేది, ఎవరికి ఏ అవసరమొస్తుందోనని. అది మునగలేదు. కొంచెం ముదిరింది గానీ పచ్చగానే ఉంది. పైకొసలు తుంచి, వేళ్ళు తెగకుండా పీకి, తడిగోనెలో చుట్టి నా నెత్తిన పెట్టింది. ఎక్కడికని అడిగితే, "నీ పుస్తకంలో లేని చోటుకి" అన్నది.

నాకు తెలియక చేశానని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. చేలో మొదటి చచ్చిన మొక్కను పీకి ఆ గుంటలో కొత్త మొక్క పెడుతున్నప్పుడే అడిగాను. "నాయనమ్మా, ముట్టుకోవద్దన్నారుగా. నా ఫీజు..." ఆవిడ నడుం ఎత్తకుండానే, "ముట్టుకోవద్దన్నవాడికి చేను లేదు. ఉంటే ఆ మాట అనడు. నీ ఫీజు సంగతి నేను చూస్తాలే, నువ్వు మొక్క నిలువుగా పెట్టు" అన్నది. నేను గోనె దించేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. తడిమట్టిలో చెయ్యి పెట్టి, వేలితో గుంట చేసి, మొక్క పెట్టి, మడమతో అదిమితే, అది నిటారుగా నిలబడుతుంది. వారం రోజులుగా చుట్టూ వాలిపోయినవే చూసిన కళ్ళకు అది ఎంత బాగుంటుందో. ఒక సాలు అయ్యాక ఇంకో సాలు నేనే మొదలుపెట్టాను. నాలుగోనాటికి నా కాళ్ళ బురద చూసి అమ్మ కనిపెట్టేసింది. నాన్నకు చెబుతుందనుకున్నాం. అమ్మ చీర ఎగ్గట్టి, "ఆ పడమటి వైపు నేను చూస్తాను, మీ నాన్న లేచేలోగా వచ్చెయ్యాలి" అన్నది. అట్లా పది పన్నెండు రోజులు ముగ్గురం చీకటితో వెళ్ళి ఎండ రాకముందే వచ్చి, ఏమీ ఎరగనట్టు పళ్ళు తోముకునేవాళ్ళం. నాన్న మాత్రం పాపం ఊరందరితో పాటు ఉన్నది ఉన్నట్టు ఉంచుతున్నాననే అనుకున్నాడు.

చివరికి అధికారులు రానే వచ్చారు. జీపు మా రేగడిలో దిగబడితే, వ్యవసాయాధికారి ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, కొత్త ఉద్యోగం, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ముందు అంజయ్య బాబాయి చేను చూశాడు. దాని ముందు నిలబడి "అయ్యో" అన్నాడు, రాసుకున్నాడు. తర్వాత మా గట్టెక్కాడు. వెనక నాన్న. వానల తర్వాత నాన్న ఆ చేను చూడ్డం అదే మొదలు. సాళ్ళన్నీ నిండి ఉన్నాయి. పాతవి నడుం దాకా, కొత్తవి జానెడు, అన్నీ తలెత్తుకుని నిలబడి ఉన్నాయి. నాన్న ఒకసారి మా మొహాలు చూశాడు. అమ్మ మజ్జిగ చెంబులోకి చూసుకుంది, నేను ఆకాశం చూశాను.

"మామ్మగారూ, ఇది మీ చేనేనా?" అన్నాడు ఆ అబ్బాయి.

"నాదే నాయనా."

"మరి ఎంత పోయింది?"

పోయింది అన్న మాట వినగానే నాయనమ్మకు పుండు మీద కారం పడ్డట్టయింది. "ఎందుకు పోతుంది? నేనుండగా పోతుందా? దెబ్బతిన్నది. చూడు, ఎట్టా నిలబెట్టానో" అని ఆయన చెయ్యి పట్టుకుని సాలు వెంట తీసుకెళ్ళింది. ఏది పాత మొక్క, ఏది కొత్తది, ముదురునారు కొసలు తుంచి పెడితే ఎందుకు బతుకుతుంది, అన్నీ చూపించింది. వీటిని నిలబెట్టింది నేనూ నా కోడలూ నా మనవరాలూ అని మా ముగ్గుర్నీ పట్టిచ్చింది కూడా. నాన్న తలగుడ్డ నోట్లో కుక్కుకున్నంత పని చేశాడు. తర్వాత ఆ అబ్బాయి నాన్నను పక్కకు, మోటారు గది వైపు తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. కాసేపటికి నాన్న ఒక్కడే చేతిలో కాగితాలతో నాయనమ్మ దగ్గరకు చేను అవతలి చివరకు వెళ్ళి, వెంటనే తిరిగొచ్చాడు. చీవాట్లు పెట్టి ఉంటాడనుకున్నాం. ఆ అబ్బాయి ఏదో రాసి, నకలు చింపి నాన్న చేతిలో పెట్టి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నష్టం సగం కంటే తక్కువ అని రాశాడు. అంటే పైసా రాదు. నాన్న మాతో ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, పది రోజులు నాయనమ్మతోనూ అనలేదు, నాతోనూ అనలేదు. అన్నం దగ్గర కూడా "మీ అత్తగారిని మజ్జిగ పోసుకోమను" అని అమ్మ మీదుగా మాట్లాడేవాడు. నేను సర్దిన పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేశాను. ఆ నాలుగు జతలూ దండెం మీద వేలాడుతుంటే, గుంటూరు నాకిక లేనట్టే అనిపించింది. నాయనమ్మ మీద అంత కోపం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు. నేనూ మొక్కలు పెట్టానన్న సంగతి ఆ కోపంలో గుర్తే రాలేదు.

ఆవిడకు మాత్రం ఆ నకలు కాగితం తెగ నచ్చింది. నా చేత చదివించుకుంది. "మొక్కలు ఆరోగ్యముగా ఉన్నవి. యాజమాన్యము శ్రద్ధగా చేసినారు" అని రాసుంది అందులో. "ఇంకోసారి చదువు" అనేది. నేను పళ్ళు బిగపట్టి చదివేదాన్ని. వినేసి, మడిచి, పాసుపుస్తకంలో పెట్టుకునేది. కొన్నాళ్ళకు పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టి చెక్కులు పంచారు. అంజయ్య బాబాయికి వచ్చింది. ఆయనకు బ్యాంకులో ఖాతా లేదు, ఖాతా తెరవాలంటే తెలిసినవాళ్ళు ఎవరైనా సాక్షి సంతకం పెట్టాలన్నారు. ఊళ్ళో ఖాతా ఉన్నవాళ్ళలో ఆయనకు తెలిసినవాడు మా నాన్నే. నాన్న వినుకొండ దాకా వెళ్ళి, గడ్డి పెంచినందుకు వచ్చిన ఆ చెక్కుకు సాక్షి సంతకం పెట్టి, తిరుగు బస్సెక్కాడు.

ఆ మర్నాడు నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, పాసుపుస్తకం సంచిలో వేసుకుని, "పెట్టె సర్దవే, గుంటూరు పోదాం" అన్నది. డబ్బేదంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బ్రాడీపేటలో ఆటో దిగి ఇటూ అటూ చూసి, ఒక వరసలో కోచింగు సెంటర్లూ, ఎదురు వరసలో డాక్టర్ల బోర్డులూ ఉండటంతో, "చదువులూ రోగాలూ ఒక్క వీధిలోనే పెట్టుకున్నారేమే" అన్నది. ఆటోవాడితో రూపాయి దగ్గర తగువుపడి గెలిచింది. ఆ గెలుపు ఊపులోనే కాలేజీ కరస్పాండెంటు గదిలోకి వెళ్ళి, ఆయన కూర్చోమనకముందే కూర్చుంది.

"ఫీజు తెచ్చారా అమ్మా?" అన్నారాయన.

"తేలేదు. మీ హాస్టల్లో పిల్లలకు కారం ఎక్కడ కొంటున్నారు?"

ఆయనకు అర్థం కాలేదు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. సంక్రాంతి సెలవులకో దసరాకో ఇంటికొచ్చినప్పుడల్లా హాస్టలు కూరల్లో రంగే తప్ప కారం ఉండదని, కడుపులో మంట అని నేనే గొణిగేదాన్ని. అదంతా ఆవిడ మనసులో పెట్టుకుంది. వంటగదిలోంచి కారం తెప్పించమంది. ఎందుకు తెప్పించారో ఆయనకే తెలియదు, తెప్పించారు. చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళలో నీళ్ళు రాకపోయేసరికి ఆయన వైపు జాలిగా చూసింది. "గుంటూర్లో కూర్చుని ఇది తింటున్నారా బాబూ? ముగ్గులోకి రంగు కలిపినట్టుంది. మాఘమాసంలో నా చేను కోతకొస్తుంది. ఫీజుకెంతో అంతకు ఎండుమిరప తెచ్చి మీ హాస్టల్లో పోస్తాను. అప్పటిదాకా పిల్లని బడిలో కూర్చోబెట్టు."

"బాగుందమ్మా. కానీ మీ వైపంతా తుఫానుకు పోయిందని పేపర్లో రాశారుగా. మీ చేను ఉందని నమ్మకమేమిటి?"

నాయనమ్మ సంచిలోంచి పాసుపుస్తకం తీసి, అందులోంచి ఆ నకలు తీసి బల్ల మీద పెట్టింది. "చదువుకో. గవర్నమెంటు వాళ్ళు రాసిచ్చిన కాగితం. నా చేను బాగుందని."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. ముద్ర కూడా వేలితో తడిమి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే మామ్మగారూ, పిల్లని తరగతికి పంపండి" అన్నారు. పరిహారం ఎగ్గొట్టిన కాగితం మీద అప్పు పుట్టించిన రైతు మా జిల్లాలో ఇంకొకరు ఉండి ఉండరు. మాఘమాసంలో నాయనమ్మ చెప్పినట్టే బస్తాలతో దిగింది. ఆ తర్వాత నెల రోజుల పాటు హాస్టలు భోజనాల గదిలో ముక్కులు ఎగబీల్చే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. ఏ ఊరి కారం అని అందరూ నన్ను తిట్టారు, రెండోసారి అడిగి వేయించుకున్నారు. నేను ఇంటర్ పాసయ్యాను. టీచరునయ్యాను. ఈ కథ పిల్లలకు చెప్పి నవ్వించినప్పుడల్లా, డబ్బు చేతికొచ్చే వేళకు నోరు కట్టేసుకోలేకపోయిన నాయనమ్మగానే ఆవిడను చెబుతూ వచ్చాను.

ఇప్పుడు పద్ధతి మారిపోయింది. మారడం మంచిదే, నేనేం బాధపడటం లేదు. ఆ రోజుల్లో ఇట్లా టింగుమని డబ్బులు పడి ఉంటే నేను మూడు వారాలు పత్తి తిరగేసేదాన్ని కాదు, నాన్న పక్క చేనువాడి చెక్కుకు సాక్షిగా పోయేవాడు కాదు. కానీ ఆ చెవులు కందిన కుర్రాడు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి, ఒక ముసలావిడ వెంట సాలు సాలూ తిరిగి చూశాడు. అట్లా ఒకరు చూడ్డం కూడా ఆవిడకు కావలసిందేనేమో.

ఆ సాయంత్రం నాన్న కంట్లో మందు చుక్కలు వేస్తూ ఇదంతా గుర్తుచేశాను. "ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది నాయనమ్మ. ఎంత మొండి మనిషి" అన్నాను. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. చుక్కలు చెంపల మీదకి కారుతున్నాయి.

"ఆవిడ అనక్కర్లేకుండానే ఇస్తానన్నాడే ఆ అబ్బాయి" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాను మందు సీసాకు మూత పెడుతూ.

"మోటారు గది దగ్గర చెప్పాడు. సగానికి పైన కొత్త మొక్కలే కదండీ, అంటే సగం పైన పోయినట్టేగా, నాకు తెలుస్తూనే ఉంది. పంట పూర్తిగా పోయిందని ఇందులో రాసుంది, మామ్మగారి చేత వేలిముద్ర వేయించుకు రండి, మిగతాది నేను చూసుకుంటా అని కాగితం, ఇంకు ప్యాడు నా చేతిలో పెట్టాడు. వెళ్ళాను. ఇందులో ఏం రాసుందిరా అని అడుగుతుందనుకున్నా. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అడగలా. ఎక్కడ వెయ్యాలిరా అని వేలు ప్యాడు మీద అద్ది చాపింది. పోయింది అనే మాట కింద ఆవిడ వేలు పెట్టించటం నా వల్ల కాలేదు. కాగితం వెనక్కి లాక్కుని, ఇంకు ఎండిపోయిందమ్మా అని చెప్పి వచ్చేశా."

"మరి పది రోజులు ఆవిడతో మాట్లాడలేదేం?"

"మొహం చెల్లక. నీతోనూ అంతేగా. నీ ఫీజు పోగొట్టింది నేను. తిట్లు తిన్నది ఆవిడ."

ఆవిడకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను. ఆవిడ మంచం పట్టిన రోజుల్లో చెప్పాడట, క్షమించమని కూడా అడిగాడట.

"ఏమన్నది?"

"నవ్వింది. ఎండిపోయిందన్నావు గదరా, ఆ ఇంకు మరక నా చీర చెంగుకు ఎన్ని ఉతుకులకు వదిలిందో తెలుసా అన్నది. నువ్వు అబద్ధం ఆడావంటే ఏదో ఒకటి వదులుకునే ఆడి ఉంటావని ఆ రోజే అనుకున్నా, అందుకే పిల్లని తీసుకుని గుంటూరు నేను పోయా అన్నది."